పావు లోతు అంటే పావు ట్యాంకు కాదు

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు పనుల క్యాంపులో డీజిల్ లెక్క తేలక గొడవైందని మీ జిల్లా పేజీలో ఇటీవల వార్త వేశారు. రెండు మీటర్ల వ్యాసమున్న ట్యాంకులో అర మీటరు లోతుకు డీజిల్ ఉంది కాబట్టి పావు ట్యాంకు ఉన్నట్టే అని అందులో లెక్క కట్టారు. ఆ లెక్క తప్పు. పడుకోబెట్టిన గుండ్రటి ట్యాంకులో పావు లోతుకు ఉండే సరుకు 19.55 శాతం, అంటే ఐదో వంతుకు కూడా కాస్త తక్కువే. 20 వేల లీటర్ల ట్యాంకైతే ఆ తేడా సుమారు 1,100 లీటర్లు. పేపరు చదివిన యజమాని ఆ వెయ్యి లీటర్లు ఏమయ్యాయని స్టోరు గుమాస్తాను నిలదీస్తే అతను చెప్పే జవాబు ఎవరూ వినరు.

నమ్మకం కుదరనివారు పెనం మీది గుండ్రటి అట్టును తీసి, కింది అంచు నుంచి పావు వంతు ఎత్తులో అడ్డంగా కోసి చూడండి. కింద వచ్చే ముక్క చంద్రవంకలా సన్నగా ఉంటుంది. నడి మధ్యలో అదే ఎత్తు పట్టీ కోస్తే ఎంతో పెద్దది వస్తుంది. ట్యాంకులోనూ అంతే. అడుగున సెంటీమీటరుకు పట్టే సరుకు వేరు, నడుముకు పట్టేది వేరు.

ఒడిశాలో మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం చుట్టుపక్కల ఈ లెక్క రోజూ అవసరపడుతుంది. కొన్నేళ్లుగా ఆంధ్ర వైపు కంటే ఒడిశాలో డీజిల్ ధర తక్కువ కావడంతో పాతపట్నం, పార్వతీపురం వైపు బళ్లు కూడా ఇటువైపు బంకుల్లోనే నింపుకుంటాయి. బంకు ట్యాంకులు, క్రషర్ల దగ్గరి ట్యాంకులు, రైసు మిల్లుల జనరేటర్ ట్యాంకులు అన్నీ దాదాపు పడుకోబెట్టినవే. కొలిచే కుర్రాళ్లలో సగం మంది తెలుగువాళ్లు, ఏ లోతుకు ఎన్ని లీటర్లో చెప్పే చార్టులేమో ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి. అర్థం కాని చార్టును పక్కన పెట్టి, ట్యాంకులో దించిన కర్ర మీద తడి చూసి మనసులో భాగించేస్తారు. గొడవ అక్కడే మొదలు.

ఒక ట్యాంకు తీసుకుందాం. లోపలి వ్యాసం 200 సెం.మీ., లోపలి పొడవు 640 సెం.మీ., రెండు చివరలా చదును రేకులు. నిండా పట్టేది 3.1416 × 100 × 100 × 640 ÷ 1000 = 20,106 లీటర్లు. కర్ర దించితే 20 సెం.మీ. తడి వచ్చింది. ఎన్ని లీటర్లు?

వ్యాసార్ధం 100. అందులోంచి లోతు 20 తీసేస్తే 80. ట్యాంకు కేంద్రం నుంచి డీజిల్ మట్టం వరకు ఉన్న దూరం ఇది. మట్టం వెడల్పులో సగం కావాలంటే 100 × 100 లోంచి 80 × 80 తీసి వర్గమూలం చూడాలి. 3,600కు వర్గమూలం 60. అంటే డీజిల్ పైభాగం 120 సెం.మీ. వెడల్పు. ఇక కోణం. 80 ÷ 100 = 0.8. కాలిక్యులేటర్‌లో దీనికి కాస్ ఇన్వర్స్ (cos⁻¹) నొక్కితే 36.87 డిగ్రీలు వస్తుంది. దాన్ని 3.1416తో గుణించి 180తో భాగిస్తే 0.6435 రేడియన్లు. 100 × 100 × 0.6435 = 6,435. ఇది కేంద్రం నుంచి విసనకర్రలా విచ్చుకున్న ముక్క వైశాల్యం. అందులో డీజిల్ లేని పై త్రికోణం 80 × 60 = 4,800. తీసేస్తే 1,635 చదరపు సెంటీమీటర్లు. పొడవు 640తో గుణించి వెయ్యితో భాగిస్తే 1,046 లీటర్లు. పదో వంతు లోతు కాబట్టి పదో వంతు సరుకనుకునేవాడు 2,011 అని రాసుకుంటాడు. దాదాపు రెట్టింపు.

సూత్రంగా రాసుకోవాలంటే: వైశాల్యం = వ్యా² × కోణం − (వ్యా − లో) × √(2 × వ్యా × లో − లో²). ఇక్కడ వ్యా అంటే వ్యాసార్ధం, లో అంటే లోతు. కోణం (వ్యా − లో) ÷ వ్యా కు కాస్ ఇన్వర్స్, రేడియన్లలో.

ఈ లెక్కలో జనం జారేవి రెండు చోట్లు. డిగ్రీలను రేడియన్లుగా మార్చకుండా 36.87నే వేసేస్తే జవాబు రెండు లక్షల ముప్పై రెండు వేల లీటర్లు దాటుతుంది. ఇరవై వేల ట్యాంకులో అంత పట్టదని చిన్నపిల్లవాడైనా చెబుతాడు కాబట్టి ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. ఎక్సెల్ వాడేవారికి ఈ బాధ లేదు, అందులో ఏకాస్ (ACOS) నేరుగా రేడియన్లే ఇస్తుంది. దొరకని తప్పు రెండోది. ట్యాంకు సగం దాటాక వ్యాసార్ధంలోంచి లోతు తీసేస్తే మైనస్ వస్తుంది. లోతు 150 అయితే మైనస్ 50. ఆ మైనస్‌ను చివరిదాకా మోయాలి. అప్పుడు కోణం 120 డిగ్రీలు వస్తుంది, త్రికోణాన్ని తీసేయడానికి బదులు కలపాల్సి వస్తుంది, జవాబు 16,175 లీటర్లు. కోణం సరిగ్గా తీసి, త్రికోణం దగ్గర మైనస్ మరిచిపోతే 10,633 వస్తుంది. చూడటానికి నమ్మబుద్ధేసే అంకె, అదే దాని ప్రమాదం. మైనస్‌తో పేచీ వద్దనుకునేవారు పైన ఖాళీ ఎంతుందో చూసి, ఆ ఖాళీకి లెక్క కట్టి మొత్తంలోంచి తీసేయవచ్చు. 150 లోతు అంటే 50 ఖాళీ. ఖాళీ 3,931, మిగిలింది 16,175.

కాలిక్యులేటర్‌లో కాస్ లేనివారికి పట్టిక చాలు. లోతును వ్యాసంతో భాగించండి. వచ్చిన అంకెకు ఎదురుగా ఉన్నదాన్ని ట్యాంకు పూర్తి లీటర్లతో గుణించండి.

0.05 — 0.0187
0.10 — 0.0520
0.15 — 0.0941
0.20 — 0.1424
0.25 — 0.1955
0.30 — 0.2523
0.35 — 0.3119
0.40 — 0.3735
0.45 — 0.4364
0.50 — 0.5000

సగం దాటితే ఖాళీ వైపు నుంచి ఇదే పట్టిక చదువుకుని ఒకటిలోంచి తీసేయాలి. రెండు గడుల మధ్య పడితే దామాషా వేసుకోవచ్చు. ఉదాహరణకు మన ట్యాంకులో 46 సెం.మీ. ఉంటే 0.23. పట్టిక మీద దామాషా వేస్తే 3,504 లీటర్లు, సూత్రంతో చేస్తే 3,494. పది లీటర్ల తేడా ఎవరి కొంపా ముంచదు. కానీ మొదటి గడి కింద, అంటే వ్యాసంలో ఇరవయ్యో వంతు లోపల, దామాషా పనికిరాదు. 5 సెం.మీ. లోతుకు దామాషా 188 లీటర్లు చెబుతుంది, ఉన్నది 134. ట్యాంకు అడుగంటినప్పుడు సూత్రమే గతి.

లెక్క సరిగ్గా చేసినా కొలత తప్పైతే ఫలితం లేదు. మా అనుభవంలో షార్టేజ్ పేరుతో జరిగే తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ముందు వ్యాసం. భూమిలో పాతకముందు ట్యాంకు నడుముకు టేపు చుట్టి 632 సెం.మీ. అని రాసుకుంటారు. 3.1416తో భాగిస్తే 201.2. ఇది బయటి వ్యాసం. రేకు మందం 6 మి.మీ. అయితే రెండు వైపులా కలిపి 1.2 సెం.మీ. తీసేయాలి, అప్పుడు లోపలిది 200. తీయకుండా వదిలేస్తే నిండు ట్యాంకు దగ్గర 240 లీటర్ల పైచిలుకు గాలిని సరుకు కింద రాసుకున్నట్టే. పాతిన కొన్నేళ్లకు మట్టి బరువుకు ట్యాంకు కాస్త నొక్కుకుపోతుంది. నిలువు 198, అడ్డం 202 అయిందనుకోండి. మొత్తం పట్టేది దాదాపు మారదు కానీ లోతును 200తో కాక 198తో భాగించాలి. 50 సెం.మీ. దగ్గర దీనివల్లే 56 లీటర్ల తేడా వస్తుంది.

తర్వాత కర్ర. డిప్ రాడ్ ఏళ్ల తరబడి అడుగు రేకుకు తగిలి తగిలి కొస అరిగిపోతుంది. అర సెంటీమీటరు అరిగితే ప్రతి కొలతా అర సెంటీమీటరు ఎక్కువ చూపుతుంది. ట్యాంకు సగం ఉన్నప్పుడు అది 64 లీటర్లు, ఎందుకంటే నడుము దగ్గర ఒక్క సెంటీమీటరుకే 128 లీటర్లు పడతాయి. 20 సెం.మీ. లోతు దగ్గర అదే సెంటీమీటరు 77 లీటర్లే. దీనికి ఎదురు తప్పు బురద చేసేది. అడుగున మడ్డి పేరుకుంటే రాడ్ దాని మీదే ఆగిపోయి తక్కువ చూపుతుంది. అందుకే ఏడాదికోసారైనా డిప్ పైపు (రాడ్ దించే గొట్టం) నోటి నుంచి అడుగు దాకా మొత్తం ఎత్తు కొలిచి, ట్యాంకు దించిన రోజు రాసుకున్న అంకెతో పోల్చాలి. ఈ రెండూ కలవకపోతే ఏ చార్టూ మిమ్మల్ని కాపాడదు. ఇంకొకటి, సెంటీమీటర్ల చార్టు పక్కన అంగుళాల రాడ్ పెట్టుకున్న చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

రాడ్ దించేటప్పుడు వదిలేయకూడదు. జారవిడిస్తే డీజిల్ ఎగిసి తడి గుర్తు పైకి పోతుంది. నిలువుగా మెల్లగా దించి, అడుగు తగిలిందని తెలియగానే అంతే నిలువుగా తీయాలి. పెట్రోలైతే తడి క్షణంలో ఆరిపోతుంది కాబట్టి పెట్రోలు తగిలితే రంగు మారే పేస్టు రాడ్‌కు రాయాలి. లారీ దించిన వెంటనే డిప్ చూడకుండా సరుకు కుదుటపడే దాకా ఒక పావుగంట ఆగడం మంచిది.

వాలు సంగతి అందరూ మరిచిపోతారు. నీళ్లు, మడ్డి ఒక చివరకు చేరాలని చాలాచోట్ల ట్యాంకును కావాలనే కాస్త వాల్చి పాతుతారు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఉంటే 640 సెం.మీ. పొడవులో ఒక చివర మరో చివర కంటే 6.4 సెం.మీ. కిందకు ఉంటుంది. డిప్ పైపు సరిగ్గా నడిమధ్యన ఉంటే భయం లేదు, సూత్రం దాదాపు సరిపోతుంది. పైపు పల్లపు చివర ఉంటే 3.2 సెం.మీ. ఎక్కువ చూపుతుంది. సగం ట్యాంకు దగ్గర అది 410 లీటర్లు. పైపు మిట్ట చివర ఉంటే అంతే తక్కువ. పైపు ఎక్కడుందో తెలిస్తే ముందు లోతులోంచి ఆ 3.2 తీసేసో కలిపేసో తర్వాత లెక్క చేయాలి. మన్యం దారుల్లో లారీ ట్యాంకర్ల విషయంలోనూ ఇంతే. గుట్ట పక్కన వాలులో నిలిపి డిప్ చూపించే డ్రైవరును ముందు చదును నేల మీదకు తీసుకురమ్మనండి.

నీటి లెక్క దగ్గర చేసే పొరపాటు మాత్రం మాకు ఆశ్చర్యంగానే ఉంటుంది, ఎందుకంటే చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. రాడ్ కొసకు నీటి పేస్టు రాసి దించితే 3 సెం.మీ. రంగు మారింది, మొత్తం లోతు 50. యాభైలోంచి మూడు తీసి 47కు చార్టు చూస్తారు. 3,602 వస్తుంది. కానీ ఆ 3 సెం.మీ. నీళ్లు ఉన్నది ట్యాంకు అడుగు ఇరుకులో, అక్కడ పట్టేది 62 లీటర్లే. 50కి చార్టు చూసి 3,931, 3కి చూసి 62, ఆ లీటర్లలోంచి ఈ లీటర్లు తీసేయాలి. డీజిల్ 3,869. సెంటీమీటర్లలోంచి సెంటీమీటర్లు తీసినందుకు 267 లీటర్లు కాగితం మీదే ఆవిరైపోయాయి. ఇథనాల్ కలిపిన పెట్రోల్ ట్యాంకులకు మామూలు నీటి పేస్టు చాలదు. నీరు ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది, దానికి ప్రత్యేకంగా తయారైన పేస్టు వాడాలి.

చివరలు ఉబ్బెత్తుగా ఉండే ట్యాంకులకు, వర్క్‌షాపుల్లో డిష్ ఎండ్ అంటారు, నడిమి గొట్టం లెక్క వేరుగా, చివరల లెక్క వేరుగా చేయాలి. ఉబ్బు ఎత్తు వ్యాసార్ధంలో సగం ఉండే రకం అయితే, రెండు చివరలూ కలిపి పట్టేది: 3.1416 × లో² × (3 × వ్యా − లో) ÷ 3, వచ్చినదాంట్లో సగం. దాన్ని వెయ్యితో భాగిస్తే లీటర్లు. మన కొలతలకు 50 సెం.మీ. దగ్గర ఇది 327 లీటర్లు. అప్పుడు మొత్తం 3,931 కాదు, 4,258. పొడవు కొలిచేటప్పుడు వెల్డింగ్ గీత నుంచి వెల్డింగ్ గీతకే కొలవాలి, ఉబ్బు కొసల మధ్య కాదు.

వేడి గురించి ఒక్క మాట. డీజిల్ డిగ్రీకి లీటరుకు సుమారు 0.8 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది, పెట్రోల్ ఇంకా ఎక్కువ. విశాఖ నుంచి ఎండలో వచ్చిన 12,000 లీటర్ల డీజిల్ భూమిలోని చల్లటి ట్యాంకులో పది డిగ్రీలు తగ్గితే సుమారు వంద లీటర్లు కుదించుకుపోతుంది. అది డ్రైవరు కాజేసింది కాదు. అందుకే దించేటప్పుడు ఉష్ణోగ్రత, సాంద్రత రెండూ రాసుకుని 15 డిగ్రీలకు మార్చి పోల్చుతారు.

వేసవిలో ట్రాక్టర్ నీళ్ల ట్యాంకర్ల మీద కూడా ఇలాంటి పేచీలే. అవి చాలావరకు కోడిగుడ్డులా అడ్డంగా సాగి ఉంటాయి. వాటికి సూత్రం మార్చాల్సిన పనిలేదు. లోతును నిలువు ఎత్తుతో భాగించి పైన ఇచ్చిన పట్టికే చూడవచ్చు, దీర్ఘవృత్తానికి వృత్తానికి ఆ వంతులు అచ్చంగా ఒకటే. అడ్డం 150, నిలువు 110, పొడవు 300 సెం.మీ. ఉంటే నిండుకు 3,888 లీటర్లు. పైన జానెడు, అంటే 22 సెం.మీ. ఖాళీ ఉంటే ఐదో వంతు నీళ్లు కొట్టేశాడని వీధిలో కేకలేస్తారు. నిజంగా తగ్గింది 554 లీటర్లు, ఏడో వంతు. తగ్గడం తగ్గడమే, కాకపోతే బిల్లులో కోసేటప్పుడు 778 కాకుండా 554 కోయాలి.

ఇన్ని చెప్పినా, సూత్రం కంటే గట్టిది పోసి చూడటం. ముద్ర పడిన మీటరుతో 500 లీటర్ల చొప్పున పోస్తూ, పోసిన ప్రతిసారీ ఆగి లోతు రాసుకుంటే ఆ ట్యాంకుకు సొంత చార్టు తయారవుతుంది. వాలు, నొక్కు, లోపలి పంపు గొట్టాలు ఆక్రమించే చోటు అన్నీ దాంట్లో కలిసిపోతాయి. పక్క బంకు చార్టు జిరాక్స్ తీసి అతికించుకోవడం మాత్రం మానుకోవాలి. రెండూ ఇరవై వేల ట్యాంకులే అయినా ఒకటి లావుగా పొట్టిగా, మరొకటి సన్నగా పొడుగ్గా ఉండవచ్చు. అమ్మకం లెక్కకు వచ్చేసరికి తూనికలు కొలతల శాఖ ధృవీకరించిన చార్టే చెల్లుతుంది. పైన చెప్పినవన్నీ మనం సరిచూసుకోవడానికి. డీజిల్ 2,500 లీటర్లు దాటినా, ఒకే పాత్ర వెయ్యి లీటర్లు దాటినా పెట్రోలియం చట్టం కింద లైసెన్సు కావాలి. లెక్క సరిపోయినంత మాత్రాన క్యాంపు వెనక దాచిన ట్యాంకు సక్రమమైపోదు.

మేము అడిగేది రెండు. ట్యాంకులున్న ప్రతి యజమాని తన ట్యాంకు చార్టును డిప్ పైపు దగ్గర తెలుగులో కూడా బోర్డు రాయించాలి. సెంటీమీటరుకు ఒక గడి, పక్కన లీటర్లు, పైన రాడ్ ఏ కొలతదో, పైపు నోటి నుంచి అడుగు దాకా ఎత్తెంతో. పెయింటరు ఒక పూటలో రాసేస్తాడు. రెండోది మీకు. ఆ వార్తకు సవరణ వేస్తూ పై పట్టికను కూడా అచ్చువేయండి. వేసేటప్పుడు 0.0520లో నడిమి సున్నా ఎగిరిపోకుండా దయచేసి ఒకటికి రెండుసార్లు చూడండి. అది ఎగిరితే పదో వంతు లోతులోనే సగం ట్యాంకు డీజిల్ కనిపిస్తుంది.

ఇట్లు,
ట్యాంకు చార్టులు కట్టే పనివాళ్లు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా